పేరున్న ఊరా, పొసిగే ఊరా? ఆధునిక పేగన్లు ఇల్లు వెతుక్కునేటప్పుడు

పేగన్‌గా, అంటే ప్రకృతినీ క్రైస్తవానికి ముందునాటి దేవతల్నీ కొలుస్తూ, బతకడానికి అనువైన ఊరు ఏదని అడిగితే చాలామంది నోట మొదట వచ్చేవి రెండే పేర్లు: ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ, అమెరికాలో సేలం. రెండూ చూసి రావాల్సిన ఊళ్లే. కాపురం పెట్టాల్సిన ఊళ్లా కాదా అన్నది వేరే సంగతి. వీధిలో పెంటకిల్ (వలయంలో ఐదు మొనల నక్షత్రం) బొమ్మలు అమ్మే దుకాణాలు ఎన్ని ఉన్నాయన్నది పర్యాటకుల లెక్క. అక్కడ ఇల్లు తీసుకునేవాళ్లు చూసుకోవాల్సిన లెక్కలు ఇంకోరకంగా ఉంటాయి.

ఇది విక్కా (చంద్రుణ్నీ ఋతువుల్నీ కొలిచే ఆధునిక విచ్‌ల మార్గం), డ్రూయిడ్ (పాత కెల్టుల దారిలో ప్రకృతిని కొలిచేది), హీదెన్ (ఉత్తర యూరప్ పాత దేవతల్ని కొలిచేది) మార్గాల్లో ఉంటూ, చదువుకో ఉద్యోగానికో పెళ్లి వల్లో బ్రిటన్, అమెరికా, ఐస్‌లాండ్ వైపు ఇల్లు వెతుక్కుంటున్న తెలుగువాళ్ల కోసం. తులసికోట ముందు దీపం, గ్రామదేవత జాతర చూసి పెరిగినవాళ్లకి నేలనీ ఋతువునీ అనేక దేవతల్నీ కొలవడం వింతేమీ కాదు. అలా కొలిచేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మంది ఉన్నచోట ఇంటి ఓనరుతో, పొగ అలారంతో, బడితో నెగ్గుకురావడమే కొత్త. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లు కలిపి తమ మతం పేగన్ అని రాసుకున్నవాళ్లు సుమారు 74,000 మంది, విక్కా అని రాసుకున్నవాళ్లు మరో 13,000 మంది. దాదాపు 6 కోట్ల జనాభాలో ఇంతే. 2011లో పేగన్లు 57,000 మందే కాబట్టి పెరుగుతున్న మాట నిజం. అయినా మీ వీధిలో ఇంకొకరు దొరుకుతారని అనుకోలేం.

మ్యాపు తెరిచే ముందు

అన్నిటికన్నా ముందు చూడాల్సింది దూరం. ఏడాదిచక్రంలో పండగలు 8: సౌఇన్ (అక్టోబరు చివర), యూల్ (డిసెంబరు), ఇంబోల్క్ (ఫిబ్రవరి), ఓస్టారా (మార్చి), బెల్టేన్ (మే మొదట), లీథా (జూన్), లూనసా (ఆగస్టు), మేబన్ (సెప్టెంబరు). వీటికి తోడు పున్నములు 12 లేదా 13. మీ బృందం అన్నీ కలిసి చేసేదైతే ఏడాదికి 20 సార్లకు పైగా, అదీ ఎక్కువగా రాత్రిపూట, వెళ్లిరావాలి. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర అయితే ఏడాదికి 60 గంటలు ప్రయాణానికే పోతాయి. మొదటి ఏడాది ఉత్సాహంతో వెళ్తారు. రెండో చలికాలం నుంచి మానేస్తారు. మనిషికి భక్తి తగ్గి కాదు, మర్నాడు పొద్దున ఉద్యోగం ఉండి. అందుకే ఇంటి నుంచి బృందం కలిసే చోటికి 45 నిమిషాలు మించకూడదన్నది మా గట్టి సలహా. రాత్రి 10 తర్వాత బస్సుంటుందా అని కూడా చూసుకోండి.

తర్వాత నిప్పు, నేల. పెరట్లో చిన్న మంట వేసుకోనిస్తారా, నడిచి వెళ్లేంత దూరంలో చెట్లో నీళ్లో ఉన్నాయా? ఆ తర్వాత చట్టం: ఇల్లు ఇవ్వనంటే, ఉద్యోగంలోంచి తీసేస్తే, పిల్లల విషయంలో మాటొస్తే మీ పక్షాన ఏముంది? చివరగా ఇరుగుపొరుగు. పేగన్లంటే ఇష్టపడే పొరుగు దొరకడం కష్టం, ఆ అవసరమూ లేదు. ఎవరి గొడవ వాళ్లు చూసుకునే పొరుగు చాలు. అలాంటివాళ్లు పేరున్న ఊళ్లలో కన్నా మామూలు నగరాల్లోనే ఎక్కువ.

గ్లాస్టన్‌బరీ

సోమర్‌సెట్‌లో తొమ్మిది వేల జనాభా ఉన్న చిన్న పట్నం. 158 మీటర్ల టోర్ గుట్ట, దానిమీద పైకప్పు లేని సెయింట్ మైకేల్ గోపురం, కింద రెండు ఊటలు. వెల్‌హౌస్ లేన్ అనే సన్నని సందులో ఇటు గోడకో ధార, అటు గోడకో ధార. చాలిస్ వెల్ నీళ్లలో ఇనుము ఉండడంతో పారినచోటల్లా రాయి తుప్పు రంగుకి తిరిగింది. ఎదురుగా వైట్ స్ప్రింగ్ నీళ్లలో సున్నం, తెల్లగా పేరుకుంటుంది. జనం సీసాలు తెచ్చి రెండూ పట్టుకుపోతారు. వైట్ స్ప్రింగ్ లోపల కరెంటు దీపాల్లేవు, కొవ్వొత్తులే. 1872లో కట్టిన నీటిగది అది. నడుపుతున్నది స్వచ్ఛంద సేవకులు కాబట్టి వాళ్లు తెరిచినప్పుడే తెరిచినట్టు. ఆ చీకట్లో, చల్లటి నీళ్లలో నిలబడ్డ మనిషికి ఈ ఊరొదిలి పోబుద్ధి కాదు. ఇళ్ల ఏజెంటు దగ్గరికి పరిగెత్తేదీ ఆ పూటే. పరిగెత్తకండి.

మంచి ముందు చెప్పుకుందాం. ఇక్కడి గాడెస్ టెంపుల్ 2003లో అధికారికంగా ఆరాధనా స్థలంగా నమోదైంది. హై స్ట్రీట్‌లో చేతికర్ర, అంగీతో నడిచి వెళ్లినా ఎవరూ తల తిప్పి చూడరు. మతం దాచుకోవాల్సిన అవసరం ఇంత తక్కువగా ఉన్న ఊరు ఇంగ్లండ్‌లో ఇంకోటి లేదేమో.

చెడు ఏమిటంటే, రైలు లేదు. స్టేషన్ 1966లోనే మూతపడింది. దగ్గరి స్టేషన్ కాజిల్ కేరీ, కారు లేనిదే కుదరదు. బ్రిస్టల్‌కి బస్సులో గంటన్నరకు దగ్గరగా పడుతుంది. ఉద్యోగాలు ఎక్కువగా దుకాణాలు, బస, పర్యాటకం చుట్టూ తిరిగేవే, జీతాలూ అంతంతే. అద్దెకు వచ్చే ఇళ్లే తక్కువ, వాటిల్లోనూ కొన్ని సెలవులకొచ్చేవాళ్లకి పోతాయి. రోడ్డుపక్క వ్యాన్లలో, కారవాన్లలో బతుకుతున్నవాళ్లు ఇక్కడ చాలామంది. దానికీ ఇళ్ల కొరతకీ సంబంధం లేదనుకోకండి. చుట్టూ పల్లపు నేల, చలికాలం చెమ్మ. పాత రాతి ఇంట్లోకి వెళ్లేముందు మంచం పెట్టే గోడకి చెయ్యి ఆనించి చూడండి, బీరువా వెనక బూజు వాసన వస్తుందేమో చూడండి.

ఇంకో ఇబ్బంది చెప్పాలి. ఇక్కడ బృందాలు చాలా ఉన్నాయి, మనుషులూ చాలామంది వస్తారు, పోతారు. ఏడాది పాటు ఉండి వెళ్లిపోయేవాళ్లతో లోతైన సహవాసం కుదరదు. నెలకోసారి పబ్బు మేడమీద కూర్చుని మాట్లాడుకునే పాత పద్ధతి మూట్ కావాలంటే బ్రిస్టల్‌లాంటి పెద్ద నగరమే నయం. బ్రిస్టల్‌లో ఇల్లు తీసుకుని, పండగలకి గ్లాస్టన్‌బరీ వెళ్లడం, ఇంటి నుంచే పని చేసే వీలు లేనివాళ్లకి మా దృష్టిలో సరైన ఏర్పాటు.

ఇంగ్లండ్ మొత్తానికి వర్తించే విషయాలు మూడు. 2010 సమానత్వ చట్టం మతం, విశ్వాసాల పేరుతో ఉద్యోగంలో, సేవల్లో, ఇంటి అద్దెలో వివక్షని నిషేధిస్తుంది. పేగన్ విశ్వాసం దాని కిందికే వస్తుంది. అదే ఏడాది డ్రూయిడ్ నెట్‌వర్క్‌ని చారిటీ కమిషన్ మత ధర్మసంస్థగా నమోదు చేసింది. రెండోది పెళ్లి. ఇంగ్లండ్, వేల్స్‌లలో పేగన్ పద్ధతిలో చేతులకి తాడు కట్టి జరిపే హ్యాండ్‌ఫాస్టింగ్‌కి ఒక్కదానికే చట్టబద్ధత లేదు. రిజిస్ట్రార్ దగ్గర పెళ్లి వేరేగా చేసుకోవాలి. వీసా కాగితాల్లో చెల్లేది అదే. మూడోది బడి. ఇంగ్లండ్ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు నాలుగింట ఒకటి ఆంగ్లికన్ చర్చివి. పల్లెల్లో నడిచి వెళ్లే దూరంలో ఉన్న ఒకే ఒక్క బడి అదే కావచ్చు. ప్రార్థన నుంచీ మతబోధన నుంచీ పిల్లల్ని మినహాయించమని అడిగే హక్కు తల్లిదండ్రులకి ఉంది. కాకపోతే ఆరేళ్ల పిల్ల తరగతంతా హాల్లోకి వెళ్తుంటే ఒక్కతే వెనక కూర్చోవాల్సి వస్తుంది. అందుకే ఇల్లు చూసేముందు బడి చూడండి.

ఎడిన్‌బరా

స్కాట్లండ్‌లో పెళ్లి చట్టం వేరు. అధికారం పొందిన పేగన్ సెలబ్రంట్ (పెళ్లి జరిపించే వ్యక్తి) జరిపిన హ్యాండ్‌ఫాస్టింగ్ చట్టప్రకారం పెళ్లే. ఇద్దరూ చెరొక ఎం10 ఫారం నింపి స్థానిక రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. పెళ్లికి కనీసం 29 రోజుల ముందు అందాలి, 3 నెలలకన్నా ముందు ఇవ్వడానికి లేదు. బయటిదేశం కాగితాలుంటే 29 రోజుల దాకా ఆగకండి, రెండున్నర నెలల ముందే ఇచ్చేయండి.

నేల విషయంలో ఇంగ్లండ్‌కీ స్కాట్లండ్‌కీ పోలికే లేదు. 2003 భూసంస్కరణ చట్టం బాధ్యతగా నడుచుకునేవాళ్లకి చాలా మటుకు భూమి మీద, నీళ్ల మీద తిరిగే హక్కు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో అలాంటి హక్కు కొండ, బీడు భూముల్లాంటి కొద్దిపాటి నేలకే. స్కాటిష్ నియమావళి చిన్న మంటనీ ఒప్పుకుంటుంది, కానీ అడవిలో, పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకున్న, మండే మట్టి) నేలమీద, ఎండు రోజుల్లో కాదు. పీట్ నేలలో నిప్పు పైకి ఆరినట్టే కనిపించి లోపల రోజుల తరబడి రాజుకుంటుంది. సముద్రపు ఒడ్డు ఇసుక మంచి చోటు. నగరం నడిబొడ్డున ఉన్న హోలీరూడ్ పార్కులో మాత్రం మంట వెయ్యనివ్వరు.

1988లో మొదలైన బెల్టేన్ ఫైర్ ఫెస్టివల్ ఏప్రిల్ 30 రాత్రి కాల్టన్ హిల్ మీద జరుగుతుంది. టికెట్ కొని చూడ్డం కాదు, డప్పు కొట్టేవాళ్లుగానో కాగడా పట్టేవాళ్లుగానో చేరండి. కొత్తవాళ్లని తీసుకుంటారు, వారాల తరబడి సాధన ఉంటుంది, ఊళ్లో స్నేహితులు దొరికేది ఆ సాధనలోనే. అది కళా ప్రదర్శన, అందులో ఉన్నవాళ్లందరూ పేగన్లు కారు. కాకపోయినా ఈ మార్గం ఏమిటో తెలిసినవాళ్లు. ఒక కొత్త ఊరికి అది చాలా ఎక్కువ.

ఇక్కడ ఇళ్లు ఎక్కువగా రాతి టెనెమెంట్లు, అంటే పాత అంతస్తుల భవనాల్లోని ఫ్లాట్లు. మెట్లు ఉమ్మడి, వెనక గడ్డిస్థలం ఉమ్మడి. దాన్ని బ్యాక్ గ్రీన్ అంటారు. అది మీ ఒక్కరి పెరడు కాదు, అక్కడ మంట పెట్టాలంటే మిగతా ఇళ్లవాళ్లని అడగాలి. 2017 డిసెంబరు నుంచి మామూలు ప్రైవేటు అద్దె ఒప్పందాలకి గడువు ఉండదు కాబట్టి కారణం లేకుండా ఖాళీ చెయ్యమనలేరు. డిపాజిట్ రెండు నెలల అద్దెకి మించకూడదు. జులై, ఆగస్టుల్లో ఇల్లు వెతకొద్దు. ఆగస్టు ఉత్సవాలకి వచ్చేవాళ్లు, సెప్టెంబరు విద్యార్థులు ఒకేసారి మీదపడతారు.

సేలం

1692లో మంత్రగత్తెలన్న నింద వేసి 19 మందిని ఉరితీసి, ఒక ముసలాయన్ని రాళ్ల బరువు పెట్టి చంపిన ఊరు. చనిపోయినవాళ్లెవరూ మంత్రగత్తెలు కారు, పేగన్లూ కారు. అమాయకులైన క్రైస్తవులు. ఆధునిక విచ్‌లు ఇక్కడికి వచ్చింది 1970ల్లో, లారీ కాబట్ దుకాణం పెట్టి బహిరంగంగా నల్లంగీతో తిరగడం మొదలుపెట్టాక. ఆ తర్వాత అర్ధశతాబ్దంలో నిజంగానే ఒక సమాజం ఏర్పడింది, అది కాదనలేం.

కానీ అక్టోబరు సంగతి చూడండి. పేగన్లకి అతి పవిత్రమైన సౌఇన్ రోజుల్లోనే లక్షలాది పర్యాటకులు ఊరిమీద పడతారు. వీధులు మూసేస్తారు, కారు బయటికి తీస్తే మళ్లీ పెట్టడానికి చోటు దొరకదు. చనిపోయిన పెద్దల కోసం నిశ్శబ్దంగా దీపం పెట్టుకోవాల్సిన రాత్రి కిటికీ కింద ప్లాస్టిక్ టోపీల కేకలు. ఇక్కడ ఏళ్లుగా ఉన్నవాళ్లలో చాలామంది ఆ నెల తమ పూజని ఇంటి లోపలికో ఊరి బయటికో మార్చుకుంటారు.

బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి రైల్లో అరగంట. అది సేలంకి పెద్ద బలం, కానీ అదే రైలు తర్వాతి స్టేషన్ బెవర్లీలోనూ ఆగుతుంది. బెవర్లీలో ఇల్లు తీసుకుంటే సేలం బృందాలు పది నిమిషాల దూరం, అక్టోబరు గోల వంతెనకి అవతల. మాసచూసెట్స్‌లో ఓనరు ముందుగా మొదటి నెల అద్దె, ఆఖరి నెల అద్దె, ఒక నెల డిపాజిట్, తాళం ఖర్చు తీసుకోవచ్చు. అంటే ఒకేసారి మూడు నెలల అద్దె చేతిలో ఉండాలి. టారో చెప్పి బతుకుదామనుకునేవాళ్లకి ఇంకో మాట: సేలంలో జోస్యం చెప్పడానికి పురపాలక లైసెన్సు కావాలి, పోటీ విపరీతం. ఆ ఆదాయాన్ని నమ్ముకుని ఇల్లు మారొద్దు.

మినియాపొలిస్, సెయింట్ పాల్

ఈ జంటనగరాల పేరు చెబితే బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. లోపలివాళ్లు దశాబ్దాలుగా దీన్ని ‘పేగనిస్తాన్’ అని పిలుచుకుంటున్నారు. పునాది పుస్తకాల్లో ఉంది: ఈ మార్గాల పుస్తకాలు వేసే లెవెలిన్ ప్రచురణ సంస్థ 1960ల్లో సెయింట్ పాల్ చేరింది, ఇప్పుడు శివారులోని వుడ్‌బరీలో ఉంది. 1974 వసంతంలో అమెరికన్ విచ్‌ల మండలి మినియాపొలిస్‌లోనే సమావేశమై విక్కా విశ్వాసానికి 13 సూత్రాలు రాసుకుంది. ఇప్పటికీ ఏటా మార్చిలో పేగనికాన్ అనే పేగన్ల సదస్సు జరుగుతుంది. 1975లో మొదలైన పౌడర్‌హార్న్ పార్కు మేడే ఊరేగింపు ఊరందరి పండగ. పర్యాటకులు రారు కాబట్టి ఇక్కడి బృందాలు ఎవరికోసమో ముస్తాబు కావు. ఏళ్లతరబడి ఒకే ఇంట్లో, అదే జనం, అదే వంటకాలతో కలుసుకుంటారు. అమెరికాలో ఒక్క ఊరే చెప్పమంటే మేం చెప్పేది ఇదే.

తెలుగువాళ్లకి ఇంకో సౌలభ్యం ఉంది. కంప్యూటర్, ఆరోగ్యరంగ ఉద్యోగాలు బాగానే ఉన్నాయి. తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మేపుల్ గ్రోవ్‌లో పెద్ద హిందూ దేవాలయం ఉంది. భార్యాభర్తల్లో ఒకరిది పేగన్ దారి, ఇంకొకరిది వెంకటేశ్వరస్వామి పూజ అయితే ఇద్దరికీ చోటున్న నగరం.

కష్టమల్లా చలి. జనవరి రాత్రుల్లో సున్నాకి 20 డిగ్రీలు కిందకి పోవడం మామూలే. యూల్, ఇంబోల్క్ ఇంటి లోపలే, ఓస్టారా నాటికి కూడా మంచు కరగకపోవచ్చు. అందుకని ఇక్కడ పెరటికన్నా పెద్ద హాలు ముఖ్యం. 12 మంది గుండ్రంగా నిలబడాలంటే మధ్యలో బల్లతో కలిపి అడ్డంగా నాలుగు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలి. ఇల్లు చూసేటప్పుడు సోఫా తీసేస్తే అంత చోటుందా అని టేపు పెట్టి కొలవండి. వచ్చేవాళ్ల కార్లు ఎక్కడ పెడతారో కూడా చూడండి, ఎందుకంటే మంచు తీసే రోజుల్లో వీధి పక్కన ఆపనివ్వరు. ఇంట్లో బృందం కలిసే చోట్ల పొరుగువాళ్ల ఫిర్యాదు మతం గురించి మొదలవ్వడం అరుదు. మొదలయ్యేది తమ గేటుకి అడ్డంగా పెట్టిన కారు దగ్గర.

పెరట్లో మంటకి అమెరికా నగరాలు చాలా మటుకు ఒకే రకం అగ్నిమాపక నియమాలు పాటిస్తాయి: మంట అడ్డం 3 అడుగులు, ఎత్తు 2 అడుగులు మించకూడదు, ఇంటికి కనీసం 25 అడుగుల దూరం, పక్కన నీళ్ల పైపో మంట ఆర్పే డబ్బానో, ఒక మనిషి కాపలా. చిన్న పెరళ్లలో ఆ 25 అడుగులు దొరకవు. సంతకం పెట్టాక ఈ సంగతి తెలిసి నిరాశపడేవాళ్లు ఎక్కువ.

రేక్యవిక్

హీదెన్ మార్గంవాళ్లకి ఐస్‌లాండ్ కల. 1972లో స్వేయిన్‌బ్యోర్న్ బేన్‌టేన్‌సన్ అనే గొర్రెల రైతు, కవి మరికొందరితో కలిసి ఆసాత్రూ (పాత నార్స్ దేవతల ఆరాధన) సంఘాన్ని పెట్టాడు, 1973లో ప్రభుత్వం గుర్తించింది. నాలుగు లక్షలకి అటూఇటూ జనాభా ఉన్న దేశంలో ఇప్పుడు 5 వేలకు పైగా సభ్యులు. సంఘం గోథీలు (పూజారులు) జరిపే పెళ్లి చట్టబద్ధం. మతసంఘాలకి ప్రభుత్వం ఇచ్చే డబ్బులో సభ్యుల సంఖ్యని బట్టి వీళ్లకీ వాటా వస్తుంది. ఇల్లు దొరికి గుర్తింపు సంఖ్య వస్తే సభ్యత్వం నమోదు చేసుకోవడం కాగితం పనే. రక్తం, జాతి పేరుతో ఈ మతాన్ని వాడుకునేవాళ్లని సంఘం బహిరంగంగా తిరస్కరించింది.

అడ్డంకి ఇంటి దగ్గరో ఓనరు దగ్గరో కాదు, సరిహద్దు దగ్గరే. యూరప్ ఆర్థిక మండలి బయటి పౌరులకి ఉద్యోగం చేతిలో ఉంటే తప్ప నివాస అనుమతి కష్టం. అద్దెలు ఎక్కువ. బ్లోత్‌లు, అంటే సంఘం పూజలు, ఐస్‌లాండిక్‌లో జరుగుతాయి. డిసెంబరు 21 ప్రాంతంలో పగలు నాలుగు గంటలే. మొదటి చలికాలం ఆ చీకటి చాలామందిని కుంగదీస్తుంది. ఏప్రిల్‌లో వేసవి తొలిరోజు బ్లోత్‌కి వెళ్లి రావడం అందరికీ చెబుతాం, స్థిరపడ్డం ఉద్యోగం చేతికొచ్చినవాళ్లకే.

డల్లాస్ శివార్ల సంగతి

ఫ్రిస్కో, అర్వింగ్ వైపు ఇప్పటికే స్థిరపడిన తెలుగువాళ్లు ఊరు మారాలా అని అడుగుతుంటారు. మారక్కర్లేదు. ఇళ్ల సంఘాల నిబంధనలకి భయపడి పెరట్లో దేవతామూర్తి పెట్టనివాళ్లకి: 2021లో టెక్సస్ చట్టం మార్చి, భద్రతకీ ఇతర చట్టాలకీ భంగం లేనంత వరకు ఇంటి స్థలంలో మతచిహ్నాలని ఇళ్ల సంఘాలు నిషేధించకూడదని చెప్పింది. తులసికోటకీ అదే, ఆకుల ముఖంతో ఉండే పచ్చమనిషి (గ్రీన్ మ్యాన్) బొమ్మకీ అదే. మంట విషయంలో మాత్రం కౌంటీ వేసే నిషేధం చూసుకోవాలి. కరువు వేసవిలో లీథా మంట బదులు కుండలో నీళ్లు, పూలు పెట్టుకోవడమే దారి.

పిల్లలున్నవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. విడాకుల తగాదాలో తల్లిదండ్రుల పేగన్ మతం ఆయుధంగా మారిన సందర్భాలున్నాయి. ఇండియానాలో ఒక జడ్జి పిల్లాణ్ని ‘ప్రధాన స్రవంతిలో లేని’ మతవిశ్వాసాలకి దూరంగా ఉంచమని విక్కన్ తల్లిదండ్రుల్ని ఆదేశిస్తే, 2005లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. గెలిచారు, కానీ పైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. 

అద్దె కాగితం, పొగ

ఓనరుకి మీ మతం చెప్పాల్సిన పని లేదు. చెప్పకపోవడం అబద్ధం కాదు. అడగాల్సింది రోజువారీ సంగతులే: ‘ఇంట్లో కొవ్వొత్తి, అగరొత్తి వెలిగించవచ్చా? పెరట్లో చిన్న కుంపటి పెట్టుకోవచ్చా? నెలకోసారి పదిమంది వస్తే ఇబ్బందా?’ ఈమెయిల్లో అడిగి, జవాబు దాచుకోండి. ఒప్పందంలో ‘ఓపెన్ ఫ్లేమ్’, ‘ఓడర్’, ‘న్యూసెన్స్’ అన్న మాటలున్న పేరాలు రెండుసార్లు చదవండి. మంట నిషిద్ధం అని ఉంటే దీపారాధనకీ అదే వర్తిస్తుంది, మార్చి రాయించుకోవాల్సింది సంతకానికి ముందే.

అమెరికాలో మతం పేరుతో ఇల్లు నిరాకరించడం 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం నేరం కిందికి రాకపోయినా చట్టవిరుద్ధం. ఏడాదిలోపు హడ్ (కేంద్ర గృహనిర్మాణ శాఖ)కి ఫిర్యాదు చెయ్యాలి. ఓనరు తానూ ఉంటూ నాలుగిళ్లకి మించని భవనం అద్దెకిస్తుంటే చాలా మటుకు మినహాయింపు ఉంది. ఒకే ఇంట్లో గది పంచుకునే రూమ్మేట్ల విషయంలోనూ ఈ చట్టాన్ని నమ్ముకోకండి.

పొగ గురించి: సాంబ్రాణి వేసే ఇంట్లో పెరిగినవాళ్లకి తెలిసిన తిప్పలే. బొగ్గుబిళ్ల మీద వేసే ధూపం అగరొత్తి కన్నా ఎన్నో రెట్లు పొగ ఇస్తుంది. మందపాటి గిన్నెలో మూడు నాలుగు సెంటీమీటర్ల ఇసుక పోసి దానిమీద బిళ్ల పెట్టండి, లేకపోతే గిన్నె కింద బల్ల కాలుతుంది. కిటికీ తెరిచే ఉంచండి, ఎందుకంటే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. చిటికెడు చాలు, చెంచాడు వెయ్యొద్దు. అలారానికి ప్లాస్టిక్ కవరు తొడగడం ఎంత మాత్రం పనికిరాదు. భవనం మొత్తానికి కలిపిన అలారమైతే ఫైరింజను వస్తుంది, కొన్ని చోట్ల ఆ ఖర్చు మీదే, కవరు తొడిగినట్టు తేలితే ఒప్పందం రద్దుకి అది చాలు. స్ప్రింక్లర్లు పొగకి కాదు, వేడికి తెరుచుకుంటాయి. కాబట్టి పూజాపీఠం ఎప్పుడూ వాటి కింద పెట్టకండి. పొగే కుదరని ఇంట్లో దాల్చినచెక్క, నారింజ తొక్క, రోజ్‌మేరీ నీళ్లలో సన్నసెగన మరిగిస్తే సువాసన వస్తుంది.

పూజలో వాడే అథామే కత్తి ఇంట్లోనే ఉంచండి. బ్రిటన్‌లో వీధిలో కత్తి పట్టుకెళ్లడానికి మతకారణాన్ని చట్టం ఒప్పుకున్నా, అది మీరు కోర్టులో నిరూపించుకోవాల్సిన వాదన. పోలీసు ఆపినప్పుడు పనికొచ్చేది కాదు. బయట చేసే పూజకి కర్ర చాలు.

బృందాన్ని చూసుకోవడం

ఊరు నచ్చినా బృందం నచ్చకపోతే ఆ ఊరు మీది కాదు. సంతకం పెట్టేముందు రెండుసార్లు బహిరంగ పూజకి వెళ్లండి, అందులో ఒకటి నవంబరులోనో ఫిబ్రవరిలోనో. ఎండాకాలం ఎవరైనా నలభై మందిని పోగేస్తారు. ఫిబ్రవరి వానలో వచ్చే ఎనిమిది మందే మీకు రేపు తోడుండేవాళ్లు. ఎవరు నడుపుతున్నారు, నచ్చకపోతే వెళ్లిపోయినవాళ్ల గురించి ఎలా మాట్లాడుతున్నారు, చూడండి. ఏడాది మీద ఒక రోజు సాగే శిష్యరికం మామూలే. దీక్షకి డబ్బు అడిగితే లేచి వచ్చేయండి, విక్కాలో పాత శాఖ అయిన గార్డ్‌నేరియన్ సంప్రదాయంలో దీక్షకి సొమ్ము పుచ్చుకోరు. కొన్ని సంప్రదాయాల్లో పూజ వివస్త్రంగా చేస్తారు. అది ముందే, స్పష్టంగా చెప్పాలి. అక్కడికెళ్లాక చెప్పేచోట ఉండకండి.

మనలాంటి గోధుమరంగు వాళ్లు హీదెన్ బృందాల్లో ఇంకోటి అడిగి తెలుసుకోవాలి. పూర్వీకుల రక్తం ఉన్నవాళ్లకే ఈ దేవతలు అనేవాళ్లు ఉన్నారు. 2020లో మిన్నెసోటాలోనే మర్డాక్ అనే చిన్న ఊళ్లో అలాంటి సంఘమొకటి పాత చర్చి కొనుక్కుని పురపాలక అనుమతి తెచ్చుకుంది. అదే రాష్ట్రంలోని జంటనగరాలకీ దానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ‘డిక్లరేషన్ 127 మీద సంతకం చేశారా, దాని గురించి మీ అభిప్రాయమేంటి?’ అని సూటిగా అడగండి. జాతిభేదాన్ని తిరస్కరిస్తూ 2016లో హీదెన్ సంఘాలు చేసిన ప్రకటన అది. జవాబు నసిగితే అదే జవాబు.

వీసా మీద ఉన్నవాళ్లు ఇల్లు మారేముందు కంపెనీ లాయరుని అడగాలి. హెచ్-1బీలో పనిచేసే చోటు, ఇంటి నుంచి పనైనా సరే, ఆ మెట్రో ప్రాంతం దాటితే సవరించిన దరఖాస్తు ముందుగా వెయ్యాలి. డల్లాస్ నుంచి మినియాపొలిస్‌కి చెప్పకుండా మారిపోయి తర్వాత సరిచేద్దామనుకోవడం పెద్ద పొరపాటు.

ఇంట్లోవాళ్లకి చెప్పేటప్పుడు మాట ఎంచుకోండి. విచ్ అన్న మాటని ‘మంత్రగత్తె’ అని తెలుగులో పెడితే, చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన ఊళ్లున్న మన రెండు రాష్ట్రాల్లో ఆ మాట అమ్మకి వినిపించేది వేరేలా. ‘ఋతువుల పండగలు చేసుకుంటాం, నేలనీ చంద్రుణ్నీ కొలుస్తాం, పెద్దలకి దీపం పెడతాం’ అంటే నిజమూ చెప్పినట్టే, అర్థమూ అయినట్టే. తెలుగు రూమ్మేట్లతో ఇల్లు పంచుకుంటున్నా ఇదే మాట వాడండి, అదీ పీఠం పెట్టిన తర్వాత కాదు, గది చూడ్డానికి వెళ్లిన రోజే.